ముప్పై నాలుగో కిలోమీటరు

ఆదివారం పొద్దున్నే కారు కడగడమంటే సర్వేయరుకి పెద్ద తతంగం. బకెట్టు, స్పాంజి, పాత బనియను ముక్క, అద్దాలకి వేరే గుడ్డ, ఇవన్నీ వరసలో ఉంటే గానీ కొళాయి తిప్పడు. ఇరవై ఆరేళ్లుగా పొలాలకీ స్థలాలకీ హద్దులు కొలిచి రాళ్లు పాతించిన మనిషి. ఏ పనికైనా మొదలెక్కడో చివరెక్కడో తేలాల్సిందే. ఇంటి నుంచి ఆఫీసుకి ఎన్ని అడుగులో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఆయన లేనప్పుడు ఆఫీసులో అందరూ ఆయన్ని 'టేపు' అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ పూట కడగడం అయ్యాక తలుపు తీసి, స్టీరింగు వెనక మీటరులో కిలోమీటర్లు చూశాడు. ఇది మూడు వారాలుగా పట్టుకున్న అలవాటు. ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చుని పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కొత్తగా పెట్రోలు కారు కొన్నాడు. కొని ఊరుకోకుండా, మీరు ఆఫీసుకి నడిచే వస్తారు కదా సార్, మీకు డీజిలు బండి ఎందుకండీ అన్నాడు. ఆ మాట సర్వేయరుకి ఎక్కడో గుచ్చుకుంది. లీటరు డీజిలుకి తన బండి ఎంత దూరం పోతుందో కాగితం మీద చూపించి వాడి నోరు మూయించాలని ఆదివారం ఆదివారం రీడింగు తీస్తున్నాడు.

తీరా చూస్తే ఆ రీడింగు వేరే సంగతి చెబుతోంది.

కారు నడిపేది ఆయన కాదు, ఆయన భార్య. ఇంటి ముందు గదిలో ఆవిడకి బట్టలు సరిచేసే చిన్న కుట్టుపని ఉంది. సోమ, బుధ, శుక్రవారాల్లో అత్తగారిని క్లినిక్కుకి తీసుకెళ్తుంది. పెద్దావిడకి తుంటి ఎముక విరిగి అతికింది, అక్కడ నడక నేర్పిస్తున్నారు. మంగళవారం దారాలకీ జిప్పులకీ బజారుకి వెళ్తుంది. క్లినిక్కు నాలుగు పాయింటు మూడు కిలోమీటర్లు, బజారు మూడు పాయింటు ఒకటి. రానూ పోనూ అన్నీ కలిపితే వారానికి ముప్పై రెండు. కారు మాత్రం వంద తిరిగింది. కిందటి వారమూ వందే. అంతకు ముందు వారం నూట ఒకటి.

మిగతా అరవై ఎనిమిది ఎక్కడికి పోతున్నట్టు? రావడానికి సగం, పోవడానికి సగం అనుకుంటే ముప్పై నాలుగు. ఆ అంకె తేలాక పటం చూడక్కర్లేదు. హైవే మీద సరిగ్గా ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర బావమరిది లారీ షెడ్డు ఉంది.

ఆ షెడ్డు గడప తొక్కవద్దని భార్యకి చెప్పి పదకొండు నెలలైంది.

కారు కొనేటప్పుడు సర్వేయరు చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. పెట్రోలా డీజిలా అని మూడు వారాలు గ్రాఫులు గీశాడు. తను పొలాల మీద రోజుకి ఎనభై కిలోమీటర్లు తిరగాలి కాబట్టి డీజిలే అని తేల్చాడు. షోరూములో భార్య ఒకే ఒక్క మాట అంది, పొలాల మీద తిరుగుడు ఇంకెన్నాళ్లులెండి, తర్వాత బండి తిరిగేది ఊళ్లోనేగా, పెట్రోలు తీసుకుంటే సరిపోదా అని. తోడుగా వచ్చిన ఆవిడ తమ్ముడు తలూపాడు. రోజంతా లారీ ఇంజన్లతోనే బతికేవాడు. "నాకు కూడు పెట్టేది డీజిలే బావగారూ. అయినా చెబుతున్నాను, ఊళ్లో నాలుగేసి కిలోమీటర్లు తిరిగేదానికి డీజిలు బండి పనికిరాదు. మసి పట్టి కూర్చుంటుంది" అన్నాడు.

సేల్స్‌మన్ ముందు బావమరిది తనకి పాఠం చెప్పడం సర్వేయరుకి తల కొట్టేసినట్టయింది. లారీల కింద పడుకునేవాడి దగ్గర నేను లెక్కలు నేర్చుకోవాలా అన్నాడు. అని ఊరుకోలేదు. సేల్స్‌మన్ వైపు తిరిగి, "ఆవిడని రంగు అడగండి, చాలు" అని నవ్వాడు. ఆవిడ తలొంచుకుని రంగు చెప్పింది. తమ్ముడు షోరూమువాళ్లు తెచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఇంట్లో శాసనం వెలువడింది. వాడు ఈ గడప తొక్కకూడదు, నువ్వు వాడి గడప తొక్కకూడదు.

ఇందులో ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కారు ఇంటికి రావడానికి నాలుగు రోజుల ముందు ఆయనకి ప్రమోషను కాగితం వచ్చింది. ఇక పొలాల మీద తిరగక్కర్లేదు, ఆఫీసులోనే కూర్చుని పటాలు సరిచూడాలి. ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. షోరూముకి ఒక్క ఫోను చేస్తే డీజిలు బదులు పెట్రోలు బండి ఇచ్చేవాళ్లే. కానీ ఫోను చేస్తే బావమరిది మాటే నిజమైనట్టు. అందుకని కాగితం మడిచి దాచేసి, కారు వచ్చిన పది రోజులకి ప్రమోషను వార్త ఇంట్లో చెప్పాడు. ఎప్పుడైనా ఆ కాగితం గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా సరే చెవులు వేడెక్కేవి.

తప్పు తనవైపు ఉన్నవాడికి కోపం తొందరగా వస్తుంది. చేతిలో తడిగుడ్డతోనే ముందు గదిలోకి వచ్చాడు.

గదిలో ఎదురింటి టీచరమ్మ స్టూలు మీద నిలబడి ఉంది. ఆవిడ పొడుగు గౌను అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది భార్య, నేల మీద మోకాళ్ల మీద కూర్చుని. నోట్లో నాలుగైదు సూదులున్నాయి. సర్వేయరు టీచరమ్మని చూడకపోలేదు. చూసీ ఆగలేదు.

"గురువారం బండి ఎక్కడికి తీసుకెళ్లావు?"

ఆవిడ నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. గురువారం అని ఆయనకెలా తెలిసిందని అడగలేదు. మిగతా రోజులకి లెక్క కుదిరితే మిగిలేది గురువారమేనని ఆవిడకీ తెలుసు.

"హైవే మీదకి వెళ్లొచ్చాం. అత్తయ్యా, నేనూ."

"ఎందుకు?"

ఆవిడ గౌను అంచు సరిచేసింది.

"ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర ఏముందో నాకు తెలీదనుకున్నావా? మీ తమ్ముడి గడప తొక్కావా, లేదా?"

"తొక్కలేదు."

"అబద్ధం. ప్రతి వారం వెళ్తున్నావు. మీటరు చెబుతోంది. నా బండి వేసుకుని, మంచం పట్టిన మా అమ్మని అడ్డం పెట్టుకుని, నా వెనకాల దొంగతనంగా..."

దొంగతనం అన్న మాట దగ్గర టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. దిగుదామంటే అంచు నిండా సూదులు. దిగలేక, వినలేక, పాపం అలాగే నిలబడింది. లోపలి గది నుంచి పెద్దావిడ, "ఒరేయ్, ఇలా రా" అని పిలిచింది. సర్వేయరు కదల్లేదు. భార్యే లేచి లోపలికి వెళ్లి అత్తగారితో ఏదో మెల్లగా చెప్పి వచ్చింది. ఆ తర్వాత లోపల నుంచి మాట లేదు.

ఆవిడ జేబులోంచి కారు తాళం తీసి కుట్టుమిషను మీద పెట్టింది.

"ఇక నేను నడపను" అంది. తర్వాత మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. "ఒక్క నిమిషం టీచరమ్మా, ఆ పక్క ఇంకో రెండు సూదులు మిగిలాయి."

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో పనులన్నీ జరిగాయి. కాఫీ వేళకి కాఫీ వచ్చింది, చొక్కాలు ఇస్త్రీ అయ్యాయి. మాటలే తగ్గాయి. సర్వేయరు రోజు విడిచి రోజు ఆఫీసులో రెండేసి గంటలు సెలవు అడుక్కుని తల్లిని క్లినిక్కుకి తిప్పాడు. ఆఫీసు గేటు నుంచి ఇల్లు, ఇంటి నుంచి క్లినిక్కు, ఆమెని చెయ్యి పట్టి దింపడం, గంట కూర్చోవడం, మళ్లీ ఎక్కించడం. మూడోసారికే నడుం పట్టేసింది. ఈ పని భార్య ఏడాదిగా కుట్టుపని మధ్య చేస్తోందని తట్టకపోలేదు. తట్టినా, తప్పు చేసింది ఆవిడే కదా అని దాన్ని పక్కకి నెట్టాడు. గురువారాలు కారు గుమ్మంలోనే ఉంది. టీచరమ్మ గౌను కుట్టడం అయిపోయి గోడకి వేలాడుతోంది. ఆవిడ మాత్రం తీసుకెళ్లడానికి రాలేదు.

మూడో వారం బుధవారం, తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తుంటే మీటరు పక్కన పసుపుపచ్చ లైటొకటి వెలిగింది. క్లినిక్కు ఇంకో కిలోమీటరు ఉందనగా బండి బరువెక్కినట్టయింది. ఎంత తొక్కినా కదలదు. వెనక వాళ్లు హారన్లు మోగిస్తుంటే చెమటలు కక్కుకుంటూ, క్లినిక్కు పక్క సందులో ఉన్న వర్క్‌షాపుకి ఎలాగో చేర్చాడు.

మెకానిక్కు తల నెరిసినవాడు. తొందరపడే రకం కాదు. బండికి ఒక చిన్న యంత్రం తగిలించి తెర మీద అంకెలు చూశాడు. డీజిలు బండి పొగలో మసి బయటికి పోకుండా పట్టే జల్లెడ లాంటిది ఒకటి ఉంటుందనీ, అది నిండిపోయిందనీ చెప్పాడు. హైవే మీద వేగంగా అరగంట పోతే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుందట. ఊళ్లో చిన్న చిన్న దూరాలకి ఆ వేడి పుట్టదట.

"ఈ బండి ఎవరు నడుపుతారండీ?"

"మా ఆవిడ" అన్నాడు సర్వేయరు. తప్పు ఆవిడ మీదకి పోతుందేమోనని గొంతులో చిన్న ఆశ. అది తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి సిగ్గేసింది.

"ఆవిడ చెయ్యి మంచిదండీ. ఊళ్లో తిరిగే డీజిలు బళ్లు ఏడాది తిరక్కుండా ఈ జల్లెడ మార్చుకోవడానికి వస్తాయి నా దగ్గరికి. దీన్ని చూడండి, పదకొండు నెలలు వారం తప్పకుండా ఎవరో హైవే ఎక్కించి కాల్చారు. ఇదిగో, అన్నీ ఇందులో నమోదై ఉన్నాయి. చివరి రెండు వారాలే లేదు." తెర ఆయన వైపు తిప్పాడు. "ఏం, ఆవిడకి ఒంట్లో బాగా లేదా?"

సర్వేయరు తెర వైపే చూశాడు. ఒంట్లో బాగానే ఉందని అనాలి. అంటే తర్వాతి ప్రశ్నకి ఏం చెప్పాలి? మెకానిక్కు తెర మీద పదకొండు నెలల గురువారాలు వరసగా కనబడుతున్నాయి. ఆయన లెక్కలో దొంగతనం అని తేలినవన్నీ అక్కడ మరమ్మతు అని ఉన్నాయి.

యంత్రంతో బండిని ప్రస్తుతానికి కదిలేలా చేశాననీ, రేపటిలోగా ఒకసారి హైవే ఎక్కిస్తే చాలు, ఇంకా చెయ్యి దాటిపోలేదనీ చెప్పి మెకానిక్కు వేరే బండి దగ్గరికి వెళ్లిపోయాడు. సర్వేయరు వచ్చి సీట్లో కూర్చున్నాడు. వెనక నుంచి తల్లి మాట్లాడేదాకా స్టార్టు చేయాలన్న ధ్యాస లేదు.

"అంతా విన్నావా?" అంది పెద్దావిడ. "చెప్పొద్దని నా చేత మాట తీసుకుంది కాబట్టి నోరు మూసుకున్నాను. మెకానిక్కే చెప్పాడు కాబట్టి నేను మాట తప్పినట్టు కాదు."

ఆమె చెప్పింది. కొన్న రెండో వారంలోనే ఈ లైటు వెలిగిందట. కోడలు వచ్చి భర్తకి చెప్పిందట. ఆ వేళ ఇంట్లో ఆఫీసువాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. క్లచ్చి మీద కాలు తీసి తోలితే అదే ఆరిపోతుందిలే అని సర్వేయరు అంటే అందరూ నవ్వారట. సర్వేయరుకి ఆ నవ్వు గుర్తుంది. మంచి జోకు వేశాననుకున్నాడు.

"ఆ రాత్రి ఒళ్లో బండి పుస్తకం పెట్టుకుని చదివింది. అర్థం కాక తమ్ముడికి ఫోను చేసింది. వాడు చెప్పాడు, వారానికోసారి హైవే మీద అరగంట ఆపకుండా తోలమని. నేనొక్కదాన్నే ఇంట్లో ఎందుకు, నన్నూ తీసుకుపో అన్నాను. కిటికీ తీస్తే గాలి కొడుతుంది రా. ఏడాదిలో నేను చూసిన ఆకాశం అదే."

"నాకు చెప్పొచ్చుగా అమ్మా."

"నేనూ అదే అన్నాను. ఏమందో తెలుసా? తప్పు బండి కొన్నానని తెలిస్తే ఆయన మొహం చిన్నబోతుంది అత్తయ్యా, వారానికి నాదో గంట పోతే పోయింది అంది."

సర్వేయరు స్టీరింగు మీద చేతులు చూసుకుంటూ, మరి ముప్పై నాలుగు ఎందుకు, సరిగ్గా వాడి షెడ్డు దగ్గరికే ఎందుకు అని అడిగాడు. అడుగుతుంటేనే ఇంకా కొలతలు పట్టుకు వేలాడుతున్నానని తెలుస్తోంది.

"హైవే మధ్యలో డివైడరు ఉంది కదరా. వెనక్కి తిరగడానికి సందు అక్కడే ఉంది. తిరగ్గానే వాడి షెడ్డు. ఆ టైముకి వాడు చేతిలో నూనెగుడ్డతో రోడ్డు పక్కన నిలబడి ఉంటాడు. అక్క బండి కనిపిస్తే చెయ్యెత్తుతాడు. నా కోడలు కాస్త నెమ్మది చేస్తుంది. ఆపదు. ఒకసారి నేనే గట్టిగా చెప్పాను, ఆపవే, దిగి పలకరించు, నేను మా వాడితో చెప్పనులే అని. గడప తొక్కనని మాటిచ్చాను అత్తయ్యా అంది. అక్కడి నుంచి ఇంటిదాకా కళ్లు తుడుచుకుంటూనే తోలింది."

ఇంటికి వచ్చేసరికి భార్య మిషను మీద ఏదో చొక్కా కాలరు తిప్పుతోంది. సర్వేయరు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంత వయసొచ్చి ఇంట్లో అడుగుపెట్టడానికి భయం వేయడం ఇదే మొదటిసారి. మెకానిక్కు చెప్పాడు, అమ్మ చెప్పింది, అన్నాడు. తప్పు నాది, అన్నాడు.

ఆవిడ మిషను ఆపింది. కళ్లు నిండాయి గానీ కిందకి జారనివ్వలేదు.

"నా ఒక్కదానితో ఉన్నప్పుడు తిట్టి ఉంటే, ఇప్పుడు నా ఒక్కదానితో చెబితే సరిపోయేది" అంది. "మీరు నన్ను దొంగ అన్నది టీచరమ్మ ముందు. రెండు వారాలైంది, నా మొహం చూడలేక ఆవిడ బట్టలు కూడా తీసుకెళ్లలేదు."

సర్వేయరు గోడకున్న గౌను తీశాడు. ముడత పడకుండా చేతి మీద వేసుకుని రోడ్డు దాటాడు. ఇంటి నుంచి ఆ గేటుకి ఇరవై రెండు అడుగులని ఎవరడిగినా చెప్పగలడు. ఆ వేళ మాత్రం మధ్యలో రెండుసార్లు ఆగాడు. టీచరమ్మ తలుపు తీసింది. ఆయన చేతిలో గౌను చూసి, మొహం చూసి, లోపలికి రమ్మనడానికీ రావద్దనడానికీ మధ్య ఉండిపోయింది.

"ఆ రోజు మా ఆవిడని మీ ముందు అనరాని మాట అన్నాను. అది అబద్ధం. తను ఎక్కడికీ దొంగచాటుగా వెళ్లలేదు. నేను కొన్న తప్పు బండిని బతికించడానికి వెళ్లింది. ఈ సంగతి మీకు చెప్పి పోదామని వచ్చాను."

టీచరమ్మ గౌను అందుకుని అంచు తిప్పి చూసింది.

"ఆ రోజు స్టూలు దిగలేక నేను చచ్చిపోయానండీ" అంది. "మీరు వెళ్లాక కూడా ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయినా ఒక్క సూది నాకు తగల్లేదు."

ఆయన తిరిగి వచ్చేటప్పుడు అడుగులు లెక్కపెట్టలేదు.

మర్నాడు గురువారం. సర్వేయరు ఆఫీసుకి సెలవు పెట్టి, తల్లిని వెనక కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాళం తెచ్చి భార్య ముందు పెట్టాడు. మీరే తోలండి, దారి తిన్నగానే ఉంటుంది అంది ఆవిడ. నీ చెయ్యే దానికి అలవాటు, నేను పక్కన కూర్చుంటాను అన్నాడు. ఆవిడ తాళం అందుకుంది. మిషను మీద గుడ్డ కప్పి లేచింది.

ఊరు దాటి హైవే ఎక్కాక బండి ఊపిరి తీసుకున్నట్టు సాగింది. ఆవిడ నడపడం ఇంత దూరం పక్కన కూర్చుని చూడటం ఆయనకి ఇదే మొదలు. ఊళ్లో ఎప్పుడు ఎక్కినా బ్రేకు, గేరు, ఎడమ, కుడి అంటూ దారంతా చెబుతూ ఉండేవాడు. ఇప్పుడు చెప్పడానికి ఏమీ దొరకలేదు. వేగం ముల్లు గోడకి కొట్టిన మేకులా ఒకేచోట నిలబడి ఉంది. వెనక పెద్దావిడ కిటికీ దించింది.

పదిహేను కిలోమీటర్లు పోయాక ఆయన ముందుకి చూస్తూనే అన్నాడు, "నీకొక సంగతి చెప్పాలి. బండి రాకముందే నాకు ప్రమోషను కాగితం వచ్చింది. పెట్రోలుకి మార్చుకోవడానికి టైముంది. మీ తమ్ముడి మాట నెగ్గుతుందని మార్చలేదు. మీకెవరికీ చెప్పకుండా దాచాను."

ఆవిడ అద్దంలో వెనక లారీని చూసుకుని పక్క వరుసకి మారింది.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"బండి వచ్చే ముందు రోజు ఉతకడానికి వేసిన చొక్కా జేబులో కనిపించింది. తడిస్తే పాడవుతుందని మడిచి మీ సొరుగులో పెట్టాను."

సర్వేయరు కళ్లు మూసుకున్నాడు. ఆ కాగితం సొరుగులో తనే పెట్టుకున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. బండి రాకముందే ఆవిడకి తెలుసు. తెలిసీ, ప్రమోషను వార్త పది రోజుల తర్వాత చెబితే కొత్తగా విన్నట్టు సంతోషపడింది. నలుగురి ముందు క్లచ్చి మీద కాలు అని నవ్వినప్పుడూ తెలుసు. దొంగ అన్నప్పుడూ తెలుసు. ఒక్క మాట ఎదురు చెబితే ఆయన నోరు అప్పుడే పడిపోయేది. ఆ మాట ఆవిడ చెప్పలేదు. కాగితాన్ని మడిచినంత నెమ్మదిగా ఆయన పరువుని మడిచి సొరుగులో పెట్టింది. ఆయనకి మొహం దాచుకోవాలనిపించింది. కారులో అంత చోటు లేదు.

"ఎందుకు అడగలేదు నన్ను?" అన్నాడు చివరికి.

"మీరే చెబుతారని చూశాను. చెప్పడానికి పదకొండు నెలలు పట్టింది" అంది. తిట్టినట్టు లేదు. నవ్వినట్టూ లేదు.

ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర పసుపుపచ్చ లైటు ఆరిపోయింది. ముగ్గురూ చూశారు. ముప్పై నాలుగు దగ్గర డివైడరు సందు వచ్చింది. ఆవిడ సిగ్నలు వేసి, ఎదురు వచ్చే బళ్లు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, వెనక్కి తిప్పింది.

రోడ్డు పక్కన బావమరిది నిలబడి ఉన్నాడు. చేతిలో నూనెగుడ్డ. రెండు గురువారాలు రాని బండి కనిపించేసరికి ఒక్కసారిగా చెయ్యెత్తాడు. అంతలో ముందు సీట్లో బావని చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే దించేసి, చూడనట్టు తల తిప్పుకుని, అక్కకి మాట రాకూడదని గబగబా షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు.

పటాల మీద ఇన్ని హద్దులు గీసిన సర్వేయరుకి తను గీసిన గీత ఎంత పొడుగో ఆ క్షణంలో కనిపించింది.

"ఆపు" అన్నాడు.

ఆవిడ నెమ్మది చేసింది, అలవాటు కొద్దీ. ఆపలేదు.

"ఆపమంటున్నాను. నీ మాట పోదు. ముందు నేను దిగుతాను."

బండి ఆగింది. సర్వేయరు దిగి, గ్రీజు మరకల మీదుగా నడిచి, షెడ్డు షట్టరు కింద ఇనుప పట్టీ దగ్గర నిలబడ్డాడు. దాటలేదు. లోపల లారీ చక్రం పక్కన బావమరిది చేసే పనేమీ లేకుండా ఒక స్పానరు తుడుస్తున్నాడు.

"ఈ గడప నేను తొక్కొచ్చా?" అన్నాడు సర్వేయరు.

బావమరిది స్పానరు కింద పెట్టేశాడు. మడత కుర్చీ లాక్కొచ్చి, చేతిలో ఉన్న నూనెగుడ్డతోనే తుడిచి, తుడిచాక ఇంకా మురికి అయిందని చూసుకుని, తన చొక్కా కొసతో మళ్లీ తుడిచాడు. "రండి బావగారూ, లోపలికి రండి" అన్నాడు. "బండి ఎలా ఉంది?"

"బండికేం, బాగానే ఉంది. మీ అక్క చూసుకుంది కాబట్టి." సర్వేయరు వెనక్కి తిరిగి చూశాడు. భార్య కారు దిగి, తలుపు పట్టుకుని, అడుగు ముందుకి వేయకుండా నిలబడి ఉంది. ఆవిడకి వినబడేట్టు గట్టిగా అన్నాడు. "మనం పెట్రోలు కొనాల్సింది. నువ్వు చెప్పావు. మీ అక్క నీకంటే ముందే చెప్పింది. నేను తనని రంగు చెప్పమన్నాను."

ఆ మాటతో పదకొండు నెలలు బిగబట్టుకున్నది ఆవిడకి ఇక ఆగలేదు. చెంగున వచ్చి తమ్ముడి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు నూనె చేతులు అక్క బట్టలకి తగలకుండా రెండు పక్కలా దూరంగా పట్టుకుని, తనూ ఏడుస్తున్నాడు. సర్వేయరు కుర్చీలో కూర్చోలేదు. కూర్చునే అర్హత ఇంకా రాలేదనిపించింది.

కారులోంచి పెద్దావిడ కేక వినబడింది. "ఒరేయ్, అందరూ లోపలికి పోయారు, మరి నన్ను ఎవరు దింపుతారు?"

"వస్తున్నానమ్మా" అని సర్వేయరు మొహం తుడుచుకుంటూ కారు వైపు వెళ్లాడు.